కుటుంబ కేంద్రిత సేవను కొలవడం ఎలా? – ఎంపాక్ ప్రశ్నావళిపై ఒక విమర్శనాత్మక పరిశీలన

పరిచయం

ఎదుగుదలలో ఆలస్యం లేదా వైకల్యం ఉన్న శిశువును వీలైనంత చిన్న వయసులోనే గుర్తించి, తగిన సేవలు అందించడాన్ని తొలిదశ జోక్యం అంటారని మీరు ఇంతకుముందు చదివారు. వారానికి ఒక గంట థెరపిస్టు దగ్గర గడిపే బిడ్డ మిగిలిన 167 గంటలూ ఇంటివాళ్ల మధ్యే ఉంటాడు. అందువల్ల తల్లిదండ్రులను చెప్పింది చేసే సహాయకులుగా కాక, నిర్ణయాలలో భాగస్వాములుగా చూడాలి. దీన్నే కుటుంబ కేంద్రిత సేవ అంటాం.

మన రాష్ట్రంలో ఈ ప్రశ్న పుస్తకాలకే పరిమితం కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లి పిల్లలను పరీక్షించాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషక లోపాలు, వ్యాధులు, ఎదుగుదలలో ఆలస్యం అనే నాలుగు రకాల సమస్యలను గుర్తించి, అవసరమైన పిల్లలను జిల్లా బాలల సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. ఎంతమందిని పరీక్షించారో, ఎంతమందిని పంపారో లెక్క దొరుకుతుంది. కానీ అక్కడికి వెళ్లిన కుటుంబానికి ఎలాంటి స్థానం దక్కిందో ఆ లెక్క చెప్పదు. అది తెలుసుకోవడానికి ప్రపంచంలో ఎక్కువగా వాడుతున్న సాధనాల్లో ఒకదాన్ని గుంటూరు నేల మీద నిలబడి పరిశీలిద్దాం.

సాధనం స్వరూపం

మెజర్ ఆఫ్ ప్రాసెసెస్ ఆఫ్ కేర్, క్లుప్తంగా ఎంపాక్. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన క్యాన్‌చైల్డ్ కేంద్రంలో సుజాన్ కింగ్, పీటర్ రోజెన్‌బామ్, గిలియన్ కింగ్ దీన్ని 1990ల మధ్యలో రూపొందించారు. మొదట ఇందులో 56 ప్రశ్నలు ఉండేవి. 2004లో 20 ప్రశ్నల రూపం వచ్చింది. జవాబు తల్లిదండ్రులు ఇస్తారు. ‘అసలు లేదు’ అంటే 1, ‘చాలా ఎక్కువగా’ అంటే 7.

ఈ 20 ప్రశ్నలు ఐదు విభాగాలుగా ఉంటాయి: గౌరవం, ఆసరా (5 ప్రశ్నలు); సమన్వయంతో కూడిన సమగ్ర సేవ (4); బిడ్డ గురించిన ప్రత్యేక సమాచారం (3); సాధికారత, భాగస్వామ్యం (3); సాధారణ సమాచారం (5). ప్రతి విభాగానికీ విడిగా సగటు తీస్తారు. మొత్తానికి కలిపి ఒకే అంకె ఇవ్వరు.

ఈ సాధనంలోని గొప్ప గుణం ఒకటి మీరు గుర్తుంచుకోవాలి. ఇది ‘మీకు తృప్తిగా ఉందా?’ అని అడగదు. ‘ఫలానా పని మీ విషయంలో ఎంతమేరకు జరిగింది?’ అని అడుగుతుంది. మనకు దగ్గరలో, సికింద్రాబాదులోని అప్పటి జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రూపొందించిన కుటుంబ అవసరాల పట్టిక మరో రకానికి చెందుతుంది. అది కుటుంబానికి ఏం కావాలో చెబుతుంది. ఎంపాక్ కుటుంబంతో సేవకులు ఎలా మెలిగారో చెబుతుంది. ఒకదాని పని మరొకదానితో జరగదు.

మొదటి విమర్శ: కృతజ్ఞత వేరు, భాగస్వామ్యం వేరు

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నేను కూడా తృప్తి ప్రశ్నావళినే వాడాను. ఒక కేంద్రంలో రెండేళ్ల బాబును ఎత్తుకుని వచ్చిన తల్లిని అడిగితే, “బాగా చూస్తారండీ, మేడం గారు దేవత” అంది. పూర్తి మార్కులు వేసుకున్నాను. లేచి వెళ్లబోతూ, ప్రశ్నావళిలో లేని మాట ఒకటి అడిగాను: “బాబుకు ఈ నెల ఏం నేర్పాలో మిమ్మల్ని కూడా అడిగారా అమ్మా?” ఆమె నవ్వి, “మేమేం చెబుతామండీ, వాళ్లు చదువుకున్నోళ్లు” అంది. ఆ రెండు జవాబులూ నిజమే. నేను నమోదు చేసింది మొదటిదాన్ని మాత్రమే.

అమెరికాలో కార్ల్ డన్‌స్ట్, కెరల్ ట్రివెట్ చేసిన విభజన ఇక్కడ మనకు పనికివస్తుంది. మర్యాద, సానుభూతి, ఓపికగా వినడం సంబంధపరమైన ఆచరణలు. ఎంపికలు ముందుంచడం, నిర్ణయంలో కలుపుకోవడం భాగస్వామ్యపరమైన ఆచరణలు. మొదటివి ఉన్నంత మాత్రాన రెండోవి ఉన్నట్టు కాదు.

ఒక ఊహాత్మక కేంద్రాన్ని తీసుకోండి. గౌరవం 6.6, సమన్వయం 5.8, ప్రత్యేక సమాచారం 5.4, భాగస్వామ్యం 3.2, సాధారణ సమాచారం 2.5. ఈ ఐదింటినీ కలిపి సగటు తీస్తే 4.7 వస్తుంది. నివేదికలో ‘సంతృప్తికరం’ అని రాస్తారు. కానీ ఆ కేంద్రంలో తల్లిని మర్యాదగా కూర్చోబెడుతున్నారే తప్ప, ఆమె మాటకు చోటివ్వడం లేదు. ఒకే అంకె కోరే కార్యాలయం ఈ తేడాను చెరిపేస్తుంది. దోషం ఇక్కడ సాధనానిది కాదు, దాన్ని వాడిన తీరుది.

రెండవ విమర్శ: ఎవరిని అడుగుతున్నాం?

గుంటూరు, పల్నాడు, ప్రకాశం ప్రాంతాల్లో జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరపకాయ కోతలు జోరుగా సాగుతాయి. కోతకు వెళ్లే తల్లి తెల్లవారేసరికి చేలో ఉండాలి. కేంద్రం తెరిచేది ఆ తర్వాతే. థెరపీకి వస్తే ఆ రోజు కూలి పోతుంది. కర్నూలు పడమటి మండలాల నుంచి ‘సుగ్గి’కి వచ్చే కుటుంబాల పరిస్థితి ఇంకా కష్టం. బిడ్డ పేరు ఒక జిల్లా జాబితాలో ఉంటుంది, బిడ్డ ఇంకో జిల్లాలో చేను గట్టున ఉంటాడు.

ఇప్పుడు మార్చి నెలలో కేంద్రానికి వచ్చిన తల్లులకు ప్రశ్నావళి ఇచ్చారనుకోండి. జవాబు చెప్పేది రాగలిగినవాళ్లే. సేవ తమ బతుకుతో కుదరక ఆగిపోయినవాళ్లు ఆ లెక్కలోకే రారు. అంటే కుటుంబాలను ఎంతగా పోగొట్టుకుంటే, మిగిలినవాళ్ల సగటు అంత బాగా కనిపించే ప్రమాదం ఉంది. రాలేకపోయిన తల్లి ఫైలులో మాత్రం ‘సహకరించడం లేదు’ అన్న మాట పడుతుంది. ఆ ఒక్క మాటతో సేవలో ఉన్న లోపం తల్లి మీదికి మారిపోతుంది. బిడ్డ ఎదుగుదలలో తిరిగిరాని నెలలు గడిచిపోతాయి. కొలత తప్పితే జరిగే నష్టం ఇదీ.

మూడవ విమర్శ: భాష, అడిగే మనిషి, కుటుంబం

‘సాధికారత’ అన్న మాట మన పాఠాల్లో చెల్లుతుంది, చేలో చెల్లదు. “వాళ్లు చెప్పింది మీ ఇంట్లో కుదరదని మీరంటే, వేరే దారి ఆలోచించారా?” అని అడిగితే ఏ తల్లయినా జవాబు చెబుతుంది. ఏడు మెట్ల మాపని కూడా చదువురాని వారికి కొత్తే. ఏడు చింతపిక్కలు చేతికిచ్చి, జరిగినంత మేరకు పక్కన పెట్టమనవచ్చు. అయితే ఇలా మార్చిన ప్రతి సాధనానికీ విశ్వసనీయత, సప్రమాణతలను మళ్లీ పరీక్షించి తీరాలి.

ప్రశ్న అడిగేది వైద్యం చేసే మనిషే అయితే నిజం రాదు. రేపు మళ్లీ ఆ మేడం దగ్గరికే బిడ్డను తీసుకురావాలని తల్లికి తెలుసు. ఇక పగలంతా బిడ్డను చూసేది నాయనమ్మో అమ్మమ్మో అయినప్పుడు, ఆమెను అడగని కొలత సగం కొలతే. సికింద్రాబాదు సంస్థ తన పట్టికలో తోబుట్టువులకూ, తాత నాయనమ్మల తరానికీ వేర్వేరు భాగాలు పెట్టడం ఈ విషయంలో మనకు మంచి దారి చూపింది.

సారాంశం

ఎంపాక్‌ను పక్కన పెట్టమని నా వాదన కాదు. తృప్తిని కాక, జరిగిన పనిని అడగాలన్న దాని మూలసూత్రం సరైనది. మన జిల్లాల్లో దాన్ని వాడేటప్పుడు మాత్రం నాలుగు జాగ్రత్తలు అవసరం. ఐదు విభాగాలను విడివిడిగానే చూపాలి. భాగస్వామ్యం విభాగాన్ని ముందుగా చదవాలి. సేవకు రావడం మానేసిన కుటుంబాలను వెతికి అడగాలి. అడిగేవారు కేంద్రానికి బయటివారై ఉండాలి. వీటికి తోడు, కోతల కాలంలో కేంద్రం తన వేళలు మార్చుకుందా, ఇంటి దగ్గర చేసే పనులు చెప్పి పంపిందా అన్న రెండు ప్రశ్నలు స్థానికంగా చేర్చుకోవాలి.

మీలో చాలామంది అంగన్‌వాడీలలో, బడులలో, భవిత కేంద్రాలలో పనిచేస్తూ ఈ కోర్సు చదువుతున్నవారే. ‘సహకరించడం లేదు’ అని రాసేముందు ఒక్కసారి ఆగి, మనం సహకరించామా అని చూసుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. సంబంధపరమైన, భాగస్వామ్యపరమైన ఆచరణల మధ్య తేడాను సొంత ఉదాహరణతో వివరించండి.
2. పైన ఇచ్చిన ఊహాత్మక కేంద్రంలో సగటు 4.7 ఎందుకు తప్పుదారి పట్టిస్తుంది?
3. మీ ఊరిలో సేవకు వెళ్లడం మానేసిన ఒక కుటుంబాన్ని, వారి అనుమతితో కలవండి. వారి పేరు రాయకుండా, మానేయడానికి వారు చెప్పిన కారణాలను ఒక పేజీలో రాయండి.