ప్రాచీనభాషా నాటకములు – నేఁటి రసాస్వాదము

షేక్స్పియరు మహాకవి 1616వ సంవత్సరమున మరణించెను. పిదప ఏడేండ్లకు, 1623లో, ఆతని నాటకములు 36 ఒక్క సంపుటముగా వెలువడెను. నాఁటికిని నేఁటికిని నాలుగువందల యేండ్ల యంతరము గలదు. ఈ నడుమ ఆంగ్లభాష ఉచ్చారణమునందును, అర్థమునందును, వాక్యరచనయందును మిక్కిలి మాఱినది. కావున ఆ నాటకములు నేఁటివారికి నిజముగా ఆనందము నొసఁగుచున్నవా, లేక పెద్దలు మెచ్చిరి గావునఁ బిన్నలును మెచ్చినట్లు నటించుచున్నారా యను సంశయము ఆ భాష యాడు దేశములందే పుట్టినది. 2015లో అమెరికాదేశమునందలి ఆరెగాన్ షేక్స్పియర్ ఫెస్టివల్ అను నాటకసంస్థ ఆతని పేరఁ బరగు 39 నాటకములను నేఁటి ఆంగ్లమునఁ దిరుగ వ్రాయింపఁ బూనఁగా, పండితులలోఁ గొందఱు దానిని గర్హించిరి, కొందఱు హర్షించిరి.

ఈ వివాద మాంగ్లేయులకే పరిమితమని తెలుఁగువా రుపేక్షింపరాదు. కాళిదాసుని నాటకములకును, కూచిపూడివారి కలాపములకును, నిన్నమొన్నటి పద్యనాటకములకును ఇదియే ప్రశ్న యెదురగుచున్నది. పద్యములు తీసివేసి వాడుకమాటలలో నాడుఁడని యొకరును, ఒక్కయక్షరమైనను మార్పఁదగదని మఱియొకరును అనుచున్నారు. ఈ రెండు పక్షములలో ఏది గ్రాహ్యమో తేల్చుటకు ముందు, పాతభాష రసమున కెక్కడ అడ్డుపడునో, ఎక్కడ అడ్డుపడదో విభజించి చూడవలసియున్నది.

ఆలంకారికు లిందుల కొక కొలఁదిని ఏనాఁడో యేర్పఱచిరి. మాటను దీసి పర్యాయపదము నుంచినను ఏ చమత్కారము చెడక నిలుచునో యది అర్థాశ్రయము. మాట మార్చినంతనే యేది నశించునో యది శబ్దాశ్రయము. అలంకారముల విభాగమునకై చెప్పిన యీ న్యాయమును నాటకములకు విస్తరించినచో, వివాదములో సగము తానే శమించును.

అర్థాశ్రయమగు రసమునకు కాలము బాధకము గాదు. షేక్స్పియరుని 'కామెడీ ఆఫ్ ఎఱర్స్' అను ప్రహసనమున రెండుజతల కవలలు ఒకే పట్టణమునఁ దారసిల్లి, యజమానుఁడు పరసేవకుని దండించుట, ఇల్లాలు పరపురుషుని భర్తయని పిలుచుట మున్నగు చిక్కులు పుట్టుచుండును. ఈ కథకు మూలము రోమకకవియగు ప్లౌటసునిది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు దానిని 'చమత్కార రత్నావళి'గాఁ దెలుఁగు చేసిరి. రోమకభాష పోయినను, ఆంగ్లము పోయినను, తెలుఁగున నా నవ్వు పోలేదు. ఏలయన నది మాటలో లేదు. ఒకనిని మఱియొకఁడని భ్రమించుటలో నున్నది. ఇట్టి భాగములకై ప్రాచీనభాషను నిందించుటయుఁ దగదు, నుతించుటయు ననావశ్యకము.

శబ్దాశ్రయమైన భాగములందే చిక్కు గలదు. అచటను పాఠకుఁడు భయపడు స్థలము వేఱు, పడిపోవు స్థలము వేఱు. తెలియని మాట కనఁబడినప్పుడు పాఠకుఁడు నిఘంటువును దెఱచును. అది ప్రమాదకారి గాదు. తెలిసినట్లే కనఁబడి అర్థము మాఱిన మాటయే మోసము చేయును. హామ్లెట్టు తండ్రిప్రేతమును వెంబడింపఁబోవుచు, 'లెట్' అను క్రియను వాడి మిత్రులను బెదిరించును. నేఁడు దానికి 'అనుమతించు' అని యర్థము; నాఁడు 'అడ్డగించు' అను అర్థమును గలదు, అచట నదియే వివక్షితము. నేఁటి యర్థమునఁ జదివినచో, తన్నుఁ బోనిచ్చువానినే చంపెదనని హామ్లెట్టు పలికినట్లగును. జూలియట్టు మేడపై నుండి పలుకు 'వేర్‌ఫోర్' అను మాటకు 'ఎందులకు' అని యర్థము. రోమియో యెక్కడనున్నాఁడని ఆమె వెదకుచున్నట్లు పలువురు తలఁతురు. ఆమె దుఃఖము ప్రియుఁడు కానరామిచేఁ గాదు. శత్రువంశపుఁ బేరు ఆతనికి గలుగుటచేత. ఒక్క మాట తెలియకున్న సన్నివేశమునకుఁ బ్రాణమే పోవుచున్నది.

తెలుఁగునను ఇట్టివి లేకపోలేదు. పూర్వకావ్యములలో కంపు పరిమళమునకుఁ బేరు. చీర పురుషులు కట్టునట్టిదియు నగును. రాద్ధాంతమనఁగా స్థిరపడిన సిద్ధాంతము, కైంకర్యమనఁగా భగవత్సేవ. నేఁటి వాడుకలో నీ మాటలు దుర్గంధమును, స్త్రీవస్త్రమును, రచ్చను, అపహరణమును జెప్పుచున్నవి. పాతనాటకమున వీనిని విని నేఁటి ప్రేక్షకుఁడు తప్పుచోట నవ్వినచో, దోషము కవిదియుఁ గాదు, ప్రేక్షకునిదియుఁ గాదు. నడుమ నిలిచి చెప్పవలసినవాఁడు లేకపోవుటయే దోషము.

ఇట్లని మాటను మార్చివేసినచో మేలు గలుగునా? షేక్స్పియరుని కాలమున ఆంగ్లమున 'దౌ' అనియు 'యూ' అనియు రెండు సంబోధనము లుండెను. మొదటిది చనవుననో అధిక్షేపముననో పలుకునది, రెండవది మన్ననకు. హామ్లెట్టు నాటకపు మూఁడవ యంకమున రాణి కొడుకును మందలించుచుఁ జనవు మాటతో నారంభించును. కొడుకు ఆ వాక్యమునే త్రిప్పి తల్లికి నప్పగించుచు మన్ననమాటను వాడును. వెంటనే తల్లియుఁ జనవు విడిచి మన్ననమాటకు మాఱును. నిష్ఠురవాక్య మొక్కటియుఁ బలుకకయే తల్లికిని కొడుకునకును నడుమ దూరము పెరిగినది. 'ట్వెల్ఫ్త్ నైట్' అను నాటకమున సర్ టోబీ యనువాఁడు, ద్వంద్వయుద్ధమునకుఁ బిలుచు జాబులోఁ బ్రత్యర్థిని మూఁడుమాఱులు చనవుమాటతో సంబోధించినఁ దప్పు లేదని మిత్రునకు బోధించును. నేఁటి సామాన్యాంగ్లమున 'దౌ' లోపించినది గావున, దానిని మార్చి వ్రాయువారు ఈ భేదమును జూపఁజాలరు. తెలుఁగువానికో 'నీవు', 'మీరు' అను భేదము పుట్టుకతో వచ్చినది. తల్లిని నిన్నటిదాఁక 'నీవు' అనిన కొడుకు నేఁడు 'మీరు' అన్నచో ఆ యింట నేమి జరిగినదో తెలుఁగు పిల్లవానికిని దెలియును. కావున నా పాతభాషలోని యొక సొగసు నేఁటి యాంగ్లేయునికంటెఁ దెలుఁగువానికే సుకరముగ నందును. అనువాదకుఁడు రెండింటిని 'నీవు' అనియే వ్రాసినచో, చేతికందిన దానిని జాఱవిడిచినవాఁ డగును.

ఉచ్చారణమును బట్టిన శ్లేషలు మఱింత సుకుమారములు. నాలుగవ హెన్రీ నాటకపు మొదటిభాగమున ఫాల్‌స్టాఫ్ 'రీజన్' అను మాటతో నవ్వించును. ఆ మాట నాఁడు ఎండుద్రాక్షను జెప్పు 'రైజిన్' వలె వినఁబడుచుండెను. నేఁడు వేఱుగా వినఁబడుటచే ఆ శ్లేష చెవి కందదు. 2004లో లండనునందలి గ్లోబ్ రంగశాలలో, డేవిడ్ క్రిస్టల్ అను భాషావేత్త సాయమున, 'రోమియో జూలియట్' నాటకమును నాఁటి యుచ్చారణముతోఁ బ్రదర్శించిరి. ధ్వనిశాస్త్రమే రంగస్థలమున వ్యాఖ్యాన మైనది.

ఇట నొక వింత గలదు. నాటకమున ముందుగా ముసలిదగునది శిష్టభాష గాదు, వాడుకభాషయే. కాళిదాసు రాజుచేత సంస్కృతమును, స్త్రీలచేత ప్రాకృతమును బలికించెను. ప్రాకృతము నాఁటి జనులకు సుగమమని కదా యట్లు చేయుట! నేఁడు సంస్కృతము చదివినవాఁడును శకుంతల మాటలకై క్రింద నిచ్చిన సంస్కృతచ్ఛాయను జూచుచున్నాఁడు. వ్యాకరణము నిలిపిన భాష నిలిచినది. నోటినుండి వచ్చిన భాష నోటితోనే పోయినది. వేదము వేంకటరాయశాస్త్రిగారి 'ప్రతాపరుద్రీయము' (1897) ఓరుగంటి కథ. అందు ఉదాత్తపాత్రములు గ్రాంథికమును, చాకలి పేరిగాఁడు మున్నగువారు కవి యెఱిఁగిన దక్షిణాంధ్రసీమ నుడిని బలుకుదురు. నేఁడు సంగారెడ్డి చెంత పోతిరెడ్డిపల్లివాసి యా నాటకమును విన్నచో, యుగంధరుని గ్రాంథికముకంటెఁ బేరిగాని పలుకుబడులే కొన్నియెడల దూరముగఁ దోఁచును. వాడుకభాషలోనికి మార్చినచో నాటకము చిరకాలము సుగమమగునని తలఁచువా రీ సంగతిని మఱువరాదు. ఆరెగాన్‌వారి నేఁటి యాంగ్లమును నూఱేండ్లకు మరల మార్పవలసివచ్చును.

మఱి యుపాయ మేమి? తెలుఁగుదేశము దీనికి ఆఱువందల యేండ్లనాఁడే సమాధాన మిచ్చినది. 1400 ప్రాంతమున, కొండవీటి కుమారగిరిరెడ్డికి మంత్రియు బంధువునైన కాటయవేమారెడ్డి, కాళిదాసుని మూఁడు నాటకములకును వ్యాఖ్యలు రచించి, వానికిఁ బ్రభువు పేర 'కుమారగిరిరాజీయ' మని పేరిడెను. కాళిదాసునికిని ఆతనికిని నడుమ వేయేండ్లకుఁ దక్కువ గాని యెడము గలదని పెక్కుర మతము. ఆతఁడు మూలమును మార్పలేదు. చదువరిని మూలముకడకుఁ గొనిపోయెను. పోతిరెడ్డిపల్లి 2016 వఱకు మెదకుజిల్లాలోనిది. ఆ జిల్లాలోని కొల్చారము మల్లినాథసూరి నివాసమని ప్రసిద్ధి. చెడువ్యాఖ్యల విషమున మూర్ఛిల్లిన కాళిదాసు వాక్కును బ్రదికింతునని ఆతఁడు తన వ్యాఖ్యకు 'సంజీవని' యని పేరిడెను. వ్యాఖ్య యమృతమును గావచ్చును, విషమును గావచ్చునని ఆ మహనీయుఁ డెఱుఁగును.

రసము తత్క్షణమునఁ గలుగవలసినది, వ్యాఖ్య చదివి నవ్వుట నవ్వు గాదని యాక్షేపింపవచ్చును. ఆ యాక్షేపము గ్రంథమున కొంత నిజమే. రంగమున నిజము గాదు. కేరళదేశపు కూడియాట్టమున విదూషకుఁడు సంస్కృతప్రాకృతముల యర్థమును మలయాళమున విప్పి చెప్పుచు నవ్వించును. 'భామాకలాపము'న మాధవి సత్యభామను బ్రశ్నించుచు, ఆమె గూఢముగఁ బలికినదానిని జనులెల్ల నెఱుఁగునట్లు చేయును. వ్యాఖ్యాత యిచట పాత్రమే. వ్యాఖ్య యిచట ఆటలోని భాగమే.

అభినయమొక్కటియే చాలును, మాట తెలియకున్నను గొఱఁత లేదనువారును గలరు. పటాన్‌చెరు కర్మాగారములందు నానాదేశములనుండి వచ్చినవారు సగము మాటలతో, సగము సైగలతోఁ బని గడపుకొందురు. పని గడచుట వేఱు, రసము గలుగుట వేఱు. కరుణమును వీరమును గొంతవఱకు అభినయము మోయఁగలదు. తల్లి 'మీరు'లోని వేదనను మోయఁజాలదు.

కావున ప్రాచీననాటకములు నేఁడును ఆనందదాయకములే. అర్థాశ్రయమగు భాగము ఎవరి సాయమును గోరదు. శబ్దాశ్రయమగు భాగము చెప్పువానిని గోరును. చెప్పినను జీవింపని శ్లేషలు గొన్ని గలవు. వానిని బ్రదర్శనమున విడిచి, గ్రంథమున నుంచుట న్యాయము. పాఠశాలలు ఈ నాటకములను పరీక్షాపత్రములకై గాక చెవికై చదివింపవలెను. తెలుఁగు పద్యనాటకములకు సైతము, మాఱిన మాటల యర్థమును దెలుపు లఘుటీకలతోడి ముద్రణములు వెలువడవలెను. అది జరుగక మునుపే పద్యమును గోసివేయుట, వైద్యుని బిలువకయే రోగిని వల్లకాటికిఁ బంపుట వంటిది.