విప్పి పంపండి

ఈ వారం నన్ను చికాకు పెట్టింది ఒక కొలత టేపు. ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు మిత్రుడొకాయన గుడివాడ దగ్గరి పల్లెలో పాత మర్ఫీ వాల్వు రేడియో కొన్నారు. పంపే పని నాది. పెట్టెతో సహా 12 కిలోలు తూగింది. కొరియర్ కుర్రాడు పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచాడు: 60, 45, 40 సెంటీమీటర్లు. మూడూ గుణించి 5000తో భాగిస్తే 21.6 కిలోలు. ఆ లెక్కనే కట్టాలట! ఛార్జీ రేడియో ధరనే మించిపోయింది.

పాత రేడియో మోగాలి, అలమరలో కూర్చోకూడదు అన్నది నా పాత పాటే. కేబినెట్‌నూ లోపలి ఛాసిస్‌నూ విడదీసి అమ్మేవాళ్లంటే నాకు పడదు కూడా.

రేడియో ప్రయాణమంటే నాకు గుర్తొచ్చేది మా పెదనాన్నే. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆయన బెజవాడలో రేడియో కొని ఎడ్లబండి మీద ఊరికి తెచ్చాడు. నూజివీడు మామిడిపళ్లకు వేసినట్టు చెక్కపెట్టె నిండా వరిగడ్డి కూరారు. ఆయన మాత్రం బండెక్కలేదు. బందరు కాలువ గట్టు పొడవునా పెట్టె మీద చెయ్యేసి నడిచాడు. దించాక ఒక వాల్వు కాస్త వదులైంది, అంతే. బిగించగానే పలికింది. ఊరంతా మా అరుగు మీదే.

ఆ పెట్టెను ఎక్కించింది ఒకసారి, దించింది ఒకసారి. సామాను చెడేది దూరం వల్ల కాదు, చేతులు మారడం వల్ల. లారీ పార్సిల్ గోడౌన్ గోడౌన్‌కీ దిగి ఎక్కుతుంది. ఖరగ్‌పూర్ హౌరా లైన్లోనే ఉంది కాబట్టి నేరుగా వెళ్లే రైలైతే ఒక హమాలీ ఎక్కిస్తాడు, ఇంకొకరు దించుతారు.

అయినా ఆ ఒక్క దింపుడు చాలు. ట్రాన్స్‌ఫార్మర్ బరువంతా అడుగునున్న నాలుగు బోల్టుల మీదే ఉంటుంది. పెట్టె జారితే బోల్టులు చెక్కను చీల్చుకుని వస్తాయి. అందుకే నాబ్‌లు లాగి, బోల్టులు విప్పి, కేబినెట్‌నూ ఛాసిస్‌నూ వేరుచేశాను. అమ్మకానికి విడదీయడం వేరు, ప్రయాణానికి వేరు. వాల్వులు తీసి, ఏది ఏ సాకెట్‌దో కాగితం మీద రాసి, ఒక్కోదాన్నీ విడిగా చుట్టాను. గడ్డి వాడేవాళ్లు ముందు ఛాసిస్‌ను ప్లాస్టిక్ కవర్లో కట్టండి. ఆ దుమ్ము గ్యాంగ్ కండెన్సర్ రేకుల్లో దూరితే వదలదు. డయల్ గాజు వెనక టేపు అంటించకండి, స్టేషన్ల పేర్లు ఊడొస్తాయి.

ఛాసిస్, స్పీకర్ చిన్న పెట్టెలో పట్టాయి: 45, 35, 30. లెక్కకు 9.45 కిలోలు, తూకానికీ అంతే. అది కొరియర్లో వెళ్లింది. ఖాళీ కేబినెట్‌ను రైలు పార్సిల్‌లో బుక్ చేశాను, తొందరేం లేదు. అదొచ్చేలోగా మిత్రుడు పాత కండెన్సర్లు మార్చుకుని బల్ల మీదే రేడియో మోగించుకోవచ్చు.