పశువు తిన్నదల్లా దాణా అవుతుందా?

"పశువుల దాణా మీద పన్నే లేదు, ఇంక కస్టమ్స్ గొడవ మనకెందుకు" అన్న మాట ఈ వారం మళ్లీ వినబడింది. పాడి గురించి బాగా తెలిసినవాళ్లే అంటున్నారు కాబట్టి చికాకు ఎక్కువైంది. ఈ కాలమ్ చదివేవారికి నా పాత పట్టు తెలిసిందే: పన్ను ఎంత శాతం అని అడిగే ముందు, సరుకును ఏ పద్దు కింద రాశారో అడగాలి. శాతాలు బడ్జెట్ బడ్జెట్‌కూ మారతాయి. పద్దు దగ్గర పడిన పీటముడి ఇరవై ఏళ్లయినా విడదు. తవుడు, చెక్క, గోధుమ పొట్టు దాకా పేచీ లేదు. పేచీ అంతా ఆ దాణాలో గ్రాముల లెక్కన కలిసేవాటితోనే. విటమిన్లు, అమైనో ఆమ్లాలు, ఖనిజ లవణాలు, ఎంజైములు అన్నీ ఆ కోవలోవే. వీటిలో చాలా భాగం ఓడల్లో దిగుమతయ్యే సరుకు. 2024 జులైలో జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో బీఏఎస్ఎఫ్ కర్మాగారం అంటుకుంటే ప్రపంచమంతటా విటమిన్ ఎ, ఇ ధరలు ఎగబాకాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో గాట్లో కట్టిన ఆవుకు ఆ మంట సెగ తగలదని అనుకోవడానికి లేదు.

పుంగనూరు పేరు మోసే పొట్టి ఆవుకు ఈ గొడవ పెద్దగా పట్టదు. మూడడుగుల ఎత్తుకు మించని ఆ ఆవు బీడు మేతతో, ఎండుగడ్డితో నెట్టుకొస్తుంది. ఇచ్చే కొద్దిపాటి పాలలోనే 8 శాతం దాకా వెన్న ఉంటుంది. పలమనేరులోని పశుపరిశోధన కేంద్రం దాని సంతతిని కాపాడుతూ వస్తోంది. కానీ ఈ పడమటి మండలాల్లో పొద్దునా సాయంత్రమూ పాలకేంద్రం క్యాన్లు నింపేవి జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి ఆవులే. వాటి ఒంట్లోంచి రోజూ పాలతోపాటు వెళ్లిపోయే కాల్షియం, ఫాస్ఫరస్, జింకు తిరిగి పూడ్చకపోతే ఆవు సమయానికి ఎదకు రాదు, వచ్చినా చూడి కట్టదు. విటమిన్-ఇ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. పచ్చిమేతలో అది పుష్కలం. గడ్డి ఎండేకొద్దీ తరిగిపోతుంది. వానలు వెనకబడి రాగి గడ్డి, వేరుశనగ కట్టె మీదే కాలం గడిచే నెలల్లో, ఈనిన ఆవుకు మాయ పడకపోవడానికీ పొదుగువాపు రావడానికీ విటమిన్-ఇ, సెలీనియం కొరత కూడా ఒక కారణమవుతుంది. కాబట్టి ఆ విటమిన్ డబ్బా మీద పడే సుంకం ముంబై వ్యాపారుల సొంత వ్యవహారం కాదు.

ఇప్పుడు ఆ విటమిన్-ఇనే దగ్గరగా చూద్దాం. అసలు రూపంలో అది చిక్కటి నూనె. టన్ను దాణాలో చారెడు నూనె పోస్తే ఒకచోట జిగటగా ముద్దకడుతుంది, మిగతా బస్తాలకు అందదు. అందుకని ఆ నూనెను సిలికా పొడికి పట్టిస్తారు. సగం విటమిన్, సగం వాహకం. చేత్తో తీస్తే జారిపోయే పొడి తయారవుతుంది. బజార్లో దాని పేరు విటమిన్ ఇ-50, ఫీడ్ గ్రేడ్. కస్టమ్స్ టారిఫ్‌లో దీనికి రెండు తలుపులు తెరిచి ఉన్నాయి. ఒకటి 2309, అంటే పశువుల మేతకు వాడే తయారీలు. రెండోది 2936, అంటే విటమిన్లు, ప్రొవిటమిన్లు. విటమిన్ పాడవకుండా, రవాణాకు అనువుగా ఉండేందుకు కలిపిన పదార్థం అవసరమైన మేరకే ఉంటే, అది 2936లోనే నిలుస్తుంది. ఆ కలిపింది సరుకు స్వభావాన్నే మార్చి, ఫలానా వాడకానికి మాత్రమే ప్రత్యేకంగా సరిపోయేలా చేస్తే 2936 దాటిపోతుంది. ఒకే పొడిలో సిలికా ఎందుకు కలిపారు? నూనెను నిలబెట్టడానికా, దాణాలో కలపడానికా? రెండింటికీ అన్నదే నిజం. తగాదా పుట్టింది అక్కడే.

1999 ఆగస్టులో దిలీప్ కుమార్ అండ్ కంపెనీ సరిగ్గా ఈ ఇ-50 పొడినే తెప్పించింది. 2309 కింద రొయ్యల మేతగా చూపి, 30 శాతానికి బదులు 5 శాతం రాయితీ సుంకం అడిగింది. ఇది మేత కాదు, మేతలో కలిపే రసాయన పదార్థం, 29వ అధ్యాయం కిందికి వస్తుంది అన్నారు అధికారులు. కంపెనీ చేతిలో గట్టి ఆధారమే ఉంది. 1997లో సన్ ఎక్స్‌పోర్ట్ కేసులో సుప్రీంకోర్టు, పశువుల మేతకు ఇచ్చిన మినహాయింపు విటమిన్ ఎడి3 మిశ్రమానికీ వర్తిస్తుందని చెప్పింది. నోటిఫికేషన్‌కు రెండు అర్థాలు వస్తుంటే పన్ను కట్టేవాడికి మేలు చేసే అర్థమే తీసుకోవాలంది. న్యాయంగా వినిపించే మాట ఇది. ఆవు నోట్లోకి పోయేది మేత కాక మరేమిటి? తయారైన మేతను ఆదుకుంటాం, అందులో పడే దినుసును మాత్రం ఆదుకోం అంటే, అన్నానికి రాయితీ ఇచ్చి ఉప్పుకు పన్ను వేసినట్టే కదా? పాడి రైతు పక్షాన నిలబడేవారెవరైనా ఇక్కడే ఆగి, సన్ ఎక్స్‌పోర్ట్ తీర్పే ఎప్పటికీ నిలవాల్సింది అంటారు. ఆ వాదనలోని బలం కాదనలేనిది.

అయినా ఆ దారి చివరిదాకా నడిస్తే అది రైతుకు మేలు చేయదని తేలుతుంది. ఈ దిలీప్ కుమార్ కేసులోనే 2018 జులై 30న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం సన్ ఎక్స్‌పోర్ట్ తీర్పును కొట్టేసింది. తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ ఎన్.వి.రమణ. తర్వాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్ కూడా ఆ ధర్మాసనంలో ఉన్నారు. పన్ను వేసే నిబంధనలో సందేహముంటే లాభం పన్ను కట్టేవాడిది, మినహాయింపు నోటిఫికేషన్‌లో సందేహముంటే లాభం ఖజానాది, తాను మినహాయింపు పరిధిలో ఉన్నానని రుజువు చేసుకోవాల్సింది అడిగేవాడే అని ఆ తీర్పు సారం. చాలామంది ఈ తీర్పును కాఠిన్యంగా చూశారు. నేను సరైనదనే అంటాను. పశువు తిన్నదల్లా దాణా అనే కొలమానం పెట్టుకుంటే, అదే విటమిన్-ఇ మాత్రల్లోకీ, ముఖానికి రాసే క్రీముల్లోకీ పోయేటప్పుడు కూడా దాణా తలుపులోంచే దిగుతుంది. రేవులో అధికారి చూడగలిగేది పొడిని, దాని పాళ్లను, దాని కాగితాలను. రేపు అది ఎవరి గాట్లోకి చేరుతుందో ఆయన చూడలేడు. పైగా దాణా పేరుతో వచ్చేవాటిలో విటమిన్లే కాదు, యాంటీబయోటిక్‌లూ ఉంటాయి. కొలిస్టిన్‌ను పశువులకు వాడకుండా 2019 జులైలో కేంద్రం నిషేధించింది. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకోవాల్సిన మందు అన్నేళ్లూ కోళ్ల మేతలో కలుస్తూ వచ్చింది. పద్దు నిక్కచ్చిగా రాయిస్తేనే ఏ మందు ఎంత దేశంలోకి వచ్చిందో లెక్క తేలుతుంది. యాంటీబయోటిక్ కలిపిన ప్రీమిక్స్ కూడా 2309లోకే రావచ్చు కదా, అప్పుడు వర్గీకరణ ఏం కాపాడుతుంది అని అడగవచ్చు. పద్దు ఒక్కటే కాపాడదు, నిజమే. సరుకులో ఏముందో పేరు పెట్టి, పాళ్లు చెప్పి రాయించే అలవాటు కాపాడుతుంది.

తప్పు ఉన్నది నోటిఫికేషన్లు రాసే చేతిలో. స్పష్టంగా రాయగలరన్నదానికి రుజువులూ ఉన్నాయి. 2017లో జీఎస్టీ మినహాయింపు పట్టిక 102వ వరుసలో చేపలు, రొయ్యల మేత, కోళ్ల దాణా, పశువుల దాణాతోపాటు సప్లిమెంట్లు, కాన్సంట్రేట్లు, అడిటివ్‌లు అని విడివిడిగా పేర్కొన్నారు. పశుదాణా రకం డైకాల్షియం ఫాస్ఫేట్‌కు ఐఎస్ 5470:2002 ప్రమాణం నంబరు వేసి మరీ జీఎస్టీ పట్టికలో చోటిచ్చారు. అయినా 2309కీ 2936కీ మధ్య గీత ఎక్కడో తెలియక 2018 డిసెంబర్ 31న మళ్లీ సర్క్యులర్ ఇవ్వాల్సి వచ్చింది. అందులో మందు స్థాయి గాఢత, దుకాణంలో అమ్మే తీరు లాంటి గుర్తులు చెప్పారే తప్ప, ఎంత శాతం దాటితే ఏ పద్దో అంకె వేయలేదు. ఆ అంకె వేయడం కష్టమేమీ కాదు. ఖనిజ మిశ్రమానికి ఐఎస్ 1664, తయారు దాణాకు ఐఎస్ 2052 ఉన్నాయి. ప్రీమిక్స్‌లలో విటమిన్ పాళ్లకూ అలాంటి హద్దు రాసి టారిఫ్‌కు జతచేయవచ్చు.

ఇక 2023-24 బడ్జెట్ సంగతి. రొయ్యల ఎగుమతులకు ఊతమని చెప్పి, చేపపొడి, క్రిల్ పొడి, ఖనిజ-విటమిన్ ప్రీమిక్స్‌ల మీద సుంకాన్ని 15 నుంచి 5 శాతానికి దించారు. షరతు ఒక్కటే: జలచరాల మేత తయారీకే వాడాలి. కోస్తా చెరువులకు మేలు జరిగింది, దాన్ని తప్పుపట్టను. ఆ వరుసలో ఆవు పేరు లేదు. 1999 నాటి తగాదా కూడా రొయ్యల మేత రాయితీ చుట్టే తిరిగిందని గుర్తుచేసుకుంటే, పాతికేళ్లయినా మెట్ట పాడి ఆ జాబితాలోకి ఎక్కలేదని అర్థమవుతుంది. ఆవు రోజుకు తినే ఖనిజ మిశ్రమం 50 గ్రాములు, దాని మీద సుంకం తేడా పైసల్లో ఉంటుంది, అంత గొడవ అవసరమా అనేవాళ్లు ఉంటారు. బస్తా మీద తేడా చిన్నదే. కానీ ధర పెరిగినప్పుడు చిన్న మిల్లు మొదట కోసేది ఆ గ్రాముల్నే. ఆవు ఒక ఎద తప్పితే మరో మూడు వారాలు ఎదురుచూడాలి. రాయితీ పక్కదారి పడుతుందన్న భయం రొయ్యల మేతకూ ఉంది. అక్కడ షరతు పెట్టి నడిపించగలిగినప్పుడు ఇక్కడా నడుస్తుంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పాల సంఘాలూ దాణా మిల్లులూ కలిసి బడ్జెట్‌కు ముందు ఆర్థిక శాఖకు పంపే వినతిలో రెండు వాక్యాలుంటే చాలు. జలచరాల మేత అన్నచోట పశువుల దాణా అని కూడా చేర్చండి. 2309కీ 2936కీ మధ్య గీతను అంకెల్లో గీయండి.