వసకొమ్ము తర్వాత

మంగళగిరిలో మూడేళ్ల పిల్లాడికి మాటలు రాలేదని ఎవరితోనైనా అని చూడండి. డాక్టరు అపాయింట్‌మెంటు దొరకడానికి టైము పడుతుందేమో గానీ సలహా దొరకడానికి పట్టదు. వాళ్ల నాన్నకీ ఐదేళ్లకే వచ్చాయి కదా అంటారొకరు. నాలుక అంటుకుని ఉందేమో చూపించమంటారు ఇంకొకరు. మగపిల్లలకి ఆలస్యమేనని సర్దిచెప్పేవాళ్లు, ఫోను చేతికిచ్చి చెడగొట్టారని తల్లిని నిలబెట్టి కడిగేసేవాళ్లు, నరసింహస్వామికి పానకం మొక్కుకోమనేవాళ్లు. అందరికంటే ముందు వసకొమ్ము వస్తుంది. తేనెలో అరగదీసి నాలిక్కి రాస్తే నెల తిరక్కుండా వసపిట్ట అయిపోతాడని మా అమ్మ నమ్మకం. వసలో ఉండే బీటా అసరోన్ మంచిది కాదని అమెరికాలో 1968లోనే తిండి పదార్థాల్లో దాన్ని నిషేధించారని చెప్పాను. "వాళ్ల పిల్లలకి ఎట్లాగూ ఇంగ్లీషు వచ్చు కదే" అంది.

మా తమ్ముడి కొడుక్కి మూడేళ్లు నిండేసరికి ఉన్న మాటలు అమ్మ, తాత, బూ. బూ అంటే బస్సు, లారీ, ఆటో, ఒక్కోసారి గేదె. ఏదైనా కావాలంటే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఫ్రిజ్ ముందు నిలబెట్టేవాడు. "వదినా, విజయవాడలో మంచి స్పీచ్ థెరపిస్టు ఎవరైనా తెలుసా?" అని మా మరదలు అడిగింది. తెలియదు. తెలుసుకునే పనిలో పడ్డాక ఈ వృత్తి మీద గౌరవం పెరిగింది, దాని పేరు చెప్పుకుని సాగే వ్యాపారం మీద చిరాకూ పెరిగింది.

ముందు వయసు లెక్క. ఏడాది దగ్గర ఒకటి రెండు మాటలు. రెండేళ్లకి ఓ యాభై, వాటిని రెండేసి కలిపి "పాలు కావాలి", "నాన్న వచ్చాడు" అనడం. మూడేళ్లకి చిన్న చిన్న వాక్యాలు, అవి పక్కింటివాళ్లకి కూడా చాలావరకు అర్థం కావడం. పిల్లల డాక్టర్లు సుమారుగా చూసే కొలత ఇదీ. ఇంతకంటే వెనకబడ్డ రెండేళ్ల పిల్లల్లో చాలామంది తర్వాత తమంతట తామే అందుకుంటారు, "వాళ్ల నాన్నకీ అంతే" అనే మాటకి బలం అక్కడిదే. చిక్కేమిటంటే, ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన కూర్చోబెట్టి వీడు అందుకుంటాడు, వాడు అందుకోడు అని గట్టిగా చెప్పగల మొనగాడు ఎవరూ లేడు. అందుకని చూపించడమే మేలు. చూపించినంత మాత్రాన పిల్లాడికి ఏ ముద్రా పడిపోదు.

చూపించాల్సింది ముందు చెవి. మాట కోసం వెళ్తే చెవి చూస్తారేమిటని మా ఇంట్లో అందరూ విస్తుపోయారు గానీ, అసలు పద్ధతి అదే. పూర్తి చెవుడైతే ఎలాగో ఒకలా కనిపెడతాం. జలుబు చేసినప్పుడల్లా కర్ణభేరి వెనక నీరు చేరి, అది నెలల తరబడి పోని పిల్లలతోనే వస్తుంది తంటా. పిలిస్తే పలుకుతారు, టీవీలో పాటకి ఎగురుతారు, కానీ స, ఫ లాంటి సన్నటి ధ్వనులు వాళ్లకి సగం సగమే అందుతాయి. సరిగ్గా విననిది నోటికి సరిగ్గా రాదు. ఈ విషయంలో మంగళగిరి వాళ్లు అదృష్టవంతులు. 2019 మార్చి నుంచి ఎయిమ్స్‌లో ఓపీ నడుస్తోంది, చినకాకానిలో ఎన్నారై ఆస్పత్రి ఉంది, వారధి దాటితే బెజవాడ, ఇటు తిరిగితే గుంటూరు పెద్దాస్పత్రి. ఈఎన్‌టీ డాక్టరు కోసం హైదరాబాద్ రైలెక్కాల్సిన పని లేదు.

ఓఏఈ అనే పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. చెవిలో చిన్న ప్లగ్గు పెట్టి లోపలి చెవి బదులిస్తోందో లేదో చూస్తారు. బెరా అనే ఇంకో పరీక్ష అలా కాదు. తలకి వైర్లు అంటించి, శబ్దం మెదడు దాకా చేరుతోందా అని చూడాలి, అందాకా పిల్లాడు కదలకూడదు, అంటే నిద్రపోవాలి. పొద్దున్నే లేపేసి, కునుకు తియ్యనివ్వకుండా ఆడించి తీసుకురమ్మంటారు. మావాడు ఆస్పత్రి వరండాలో దొరికిన వీల్‌చెయిర్‌ని బూ అని తోసుకుంటూ హుషారుగా తిరిగాడు. పరీక్ష వాయిదా పడింది. బయటికొచ్చి ఆటో ఎక్కీ ఎక్కగానే గుర్రుపెట్టాడు. మరోసారి వెళ్లినప్పుడు మందిచ్చి నిద్రపుచ్చి చూశారు. చెవులు బాగున్నాయి.

అప్పుడు థెరపిస్టు వేట. బోర్డు మీద స్పీచ్ థెరపీ అని రాయడానికి పెయింటర్ ఒక్కడు చాలు. నిజంగా ఈ పని చేయాలంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ల బీఏఎస్‌ఎల్‌పీ డిగ్రీ ఉండాలి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. 1992 నాటి చట్టం ఇది. ఆ నమోదుకి సీఆర్‌ఆర్ నంబరని ఒకటి ఉంటుంది, అడిగితే నిజమైనవాళ్లు నొచ్చుకోరు. గోడకి ఫ్రేము కట్టించి పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఈ చదువుకి మన దేశంలో పెద్ద పేరు 1965లో మైసూరులో మొదలైన ఆయిష్ సంస్థది. మనకి దగ్గరలో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ముంబై అలీ యావర్ జంగ్ సంస్థ వాళ్ల ప్రాంతీయ కేంద్రం ఉంది. అలీ యావర్ జంగ్ మన హైదరాబాద్ మనిషే, ఉస్మానియాకి వైస్ ఛాన్సలర్‌గా చేసి, మహారాష్ట్ర గవర్నర్‌గా ఉండగా పోయారు. మాటా వినికిడీ దగ్గర కష్టపడే పిల్లల నోట ఇవాళ ఆయన పేరు తిరుగుతోంది.

నంబరుంటే చాలా? చాలదని మొదట వెళ్లిన చోటే తేలింది. ఆ సెంటర్ పేరు అనవసరం. తలుపు మూసేశారు. పిల్లాడు లోపల, తల్లి బయట ప్లాస్టిక్ కుర్చీలో. లోపల్నుంచి ఏడుపు, మధ్యలో ఎ ఫర్ యాపిల్, మళ్లీ ఏడుపు. ముప్పావుగంట తర్వాత తలుపు తెరిచి "బాగా కోఆపరేట్ చేస్తున్నాడండీ" అని రసీదు రాసిచ్చారు. లోపల ఏం చేశారో మా మరదలికి తెలియదు, ఇంటికెళ్లి ఏం చెయ్యాలో అసలే తెలియదు. ఇది ట్యూషన్ పద్ధతి. పిల్లాణ్ని అప్పజెప్పి, మాటలు వచ్చాక తీసుకెళ్లొచ్చు అన్నట్టు.

విజయవాడ సూర్యారావుపేటలో రెండో చోట ఉన్న థెరపిస్టు పాతికేళ్లు కూడా నిండనట్టున్న అమ్మాయి. మా మరదల్ని చాప మీద పిల్లాడి పక్కనే కూర్చోబెట్టింది. నోరు తెరిపించలేదు, నాలుక చూపించమనలేదు. వాడి చూపు ఎటు పోతోందో గమనిస్తూ చాలాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత తెలిసింది, మాటకంటే ముందు ఆమె వెతికింది వేలు. ఆకాశంలో విమానం పోతుంటే పిల్లాడు వేలు చూపిస్తాడా? చూపించి, మీరు చూశారా లేదా అని మీ మొహంలోకి తిరిగి చూస్తాడా? పేరు పెట్టి పిలిస్తే తలెత్తుతాడా? ఇవి ఉంటే ఒక దారి. లేకపోతే ఆటిజం కోణంలోంచి కూడా చూడాలి, అప్పుడు పిల్లల డాక్టరూ సైకాలజిస్టూ కలుస్తారు. మావాడికి వేలుంది, చూపుంది. మాటే రావాలి.

"పగలు ఎవరి దగ్గర ఉంటాడు?" అని అడిగింది ఆ అమ్మాయి.

మా మరదలు ఉద్యోగానికి వెళ్తుంది. పగలంతా వాడు వాళ్ల అమ్మమ్మ దగ్గర. వాళ్లది మగ్గం ఇల్లు. గుంట మగ్గం ముందు గదిలోనే, తాతగారు నేస్తుంటారు, అమ్మమ్మ కండెలు చుడుతుంది.

"అయితే ఈసారి అమ్మమ్మగారిని తీసుకురండి."

ఈ ఒక్క మాటకే ఆమె ఫీజు చెల్లు అనుకున్నాను నేను. స్పీచ్ థెరపీ అనే విద్యలో అసలు కిటుకు ఆ గదిలో జరిగేది కాదు. వారంలో రెండో మూడో ముప్పావుగంటలు గదిలో, మిగతా వారమంతా ఇంట్లో. కాబట్టి ఇంటిని పట్టుకోవాలి. ఇంటిని పట్టుకోవడం వచ్చిన థెరపిస్టు దొరికారా, సగం పని అయినట్టే. నన్ను ఎవరైనా అడిగితే ఇప్పుడు ఇదొక్కటే చెబుతున్నాను: వాళ్లు మీతో ఎంతసేపు మాట్లాడుతున్నారో చూడండి.

అమ్మమ్మ వచ్చింది. పిల్లాడు నీళ్ల సీసా వైపు చూశాడు, ఆవిడ మూత తీసి నోటి దగ్గర పెట్టింది. కారు బొమ్మ వైపు చెయ్యి చాచాడు, తెచ్చి ఒళ్లో పెట్టింది.

"అమ్మగారూ, వాడు అడిగేలోపే ఇచ్చేస్తున్నారండీ మీరు."

"అడగలేడు కదమ్మా. అందుకే ఇస్తున్నా."

దీన్ని కాదనడం ఎంత కష్టమో చూడండి. ఆ అమ్మాయి కాదనలేదు. సీసా మూత గట్టిగా బిగించి వాడి చేతికిచ్చింది. తిప్పాడు, రాలేదు. ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ చెయ్యి ముందుకి వెళ్లబోతే ఆ అమ్మాయి మెల్లిగా ఆపింది. ఊరుకుంది. ఆ ఊరుకోవడం చూడాలి. మొహంలో ఎదురుచూపు ఉంటుంది, కనుబొమలు పైకి ఉంటాయి, నోరు మాత్రం కదపరు. మనలాంటివాళ్లకి రెండు క్షణాల మౌనమే భరించరానిది, వాళ్లు పది దాకా లోలోపల లెక్కపెట్టుకుంటూ హాయిగా ఉండగలరు. పిల్లాడు "ఊ" అని సీసా ముందుకి చాపాడు. "తియ్యి! మూత తియ్యి" అంటూ వెంటనే తీసింది. "నీళ్లు అను, అప్పుడే ఇస్తా" అనలేదు. వాడు చేసిన చప్పుడునే మాటగా లెక్కగట్టి, దానికి సరైన మాట జోడించి, అడిగింది ఇచ్చేసింది.

ఇంటికి ఇచ్చిన పనులన్నీ ఇలాంటివే. వాడు బూ అంటే "బస్సు" అనాలి, బస్సు అనడం మొదలయ్యాక "ఎర్ర బస్సు" అనాలి, ఎప్పుడూ వాడికంటే ఒక్క మెట్టే పైన ఉండాలి. తాగుతావా అని అడక్కుండా "పాలా? నీళ్లా?" అని రెండూ చూపించాలి. చందమామ పాట పాడుతూ చివరి మాట దగ్గర ఆగి వాడి వంక చూడాలి. ఇక అన్నిటికంటే కష్టమైనది, పరీక్ష పెట్టడం మానెయ్యడం. ఇదేంటి? దీన్నేమంటారు? అత్త అను. మామయ్యకి రైమ్ చెప్పు. ఇంటికి చుట్టం వస్తే మనం పిల్లల్ని పెట్టే ఇంటర్వ్యూ గ్రూప్ వన్‌లో కూడా ఉండదు. మాట తడుముకునే పిల్లాడికి ప్రతి ప్రశ్నా ఒక ఓటమి. నోరు మూసుకోవడమే సుఖమని వాడు నేర్చుకుంటాడు.

మగ్గం చప్పుడు గురించి కూడా అడిగింది. టక్ టక్ మని నాడె ఆడుతున్నంతసేపూ చిన్నపిల్లాడికి మాటలో ధ్వనులు విడదీసుకోవడం కష్టం. టీవీ వాగుతూ ఉన్నా అంతే. మగ్గం ఆపమని ఎవరూ అనలేరు, అది కూడు. కండెలు చుట్టేది పెరటి వైపు అరుగు మీదకి మార్చుకోమంది, వాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకోమంది. ఎర్ర కండె, పచ్చ కండె, పెద్దది, చిన్నది, పడింది, దొరికింది. బజార్లో ఇగ్లూ బొమ్మలూ జీబ్రా బొమ్మలూ వేసి అమ్మే ఫ్లాష్ కార్డులకంటే ఆ ఇంట్లో సరుకే నయం.

భాష సంగతి దగ్గర నాకు కోపం వచ్చింది. వాణ్ని చేర్చుకోబోయిన ప్లేస్కూల్లో, పిల్లాడు కన్ఫ్యూజ్ అవుతున్నాడు, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి అన్నారు. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. అంటే పగలంతా వాడితో ఉండే మనిషి నోరు కట్టేసుకోవాలన్నమాట. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు, అది ఈ విద్యలో ఎప్పుడో తేలిపోయిన విషయం. మీకు బాగా వచ్చిన భాషలో, ధారాళంగా, ప్రేమగా మాట్లాడండి అన్నదే సలహా. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ల పిల్లలకి అక్కడి థెరపిస్టులు కూడా ఇంట్లో తెలుగు మానొద్దనే చెబుతున్నారు. టెక్సాస్‌లో ఇంగ్లీషు మాత్రమే వచ్చిన థెరపిస్టు తెలుగు మాట్లాడమంటుంటే, మంగళగిరిలో తెలుగు వచ్చిన టీచరు వద్దంటోంది.

అమెరికా మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. అక్కడ మూడేళ్లు నిండిన పిల్లాడికి మాట ఆలస్యమని అనుమానం వస్తే, ఆ ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలల యంత్రాంగం పైసా తీసుకోకుండా పరీక్షించాలి, అవసరమైతే థెరపీ ఇవ్వాలి. చట్టం. మన దగ్గర కాగితం మీద తక్కువేం లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకి రావాలి, ఎదుగుదలలో ఆలస్యం కనిపిస్తే జిల్లా కేంద్రంలోని డీఈఐసీ అనే సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి, అక్కడ స్పీచ్ థెరపిస్టు ఉండాలి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష వాళ్ల భవిత కేంద్రాలున్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన ఇరవై ఒక్క రకాల్లో మాట, భాషల లోపం కూడా ఒకటి. ఆరోగ్యశ్రీ అయితే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌కే కాకుండా ఆ తర్వాత మాట నేర్పే థెరపీకి కూడా డబ్బు కట్టింది. యంత్రం పెట్టినంతనే మాట రాదని ప్రభుత్వానికి తెలుసన్నమాట. చెవి బాగున్న పిల్లాడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలా ఇళ్లలో ఆ ఖర్చు జేబులోంచే. సెషన్‌కి కొన్ని వందలు, వారధి మీద రానూపోనూ చార్జీలు, అమ్మమ్మ తోడెళ్లిన పూట ఆగిపోయిన కండెలు. నేతపని చేసుకునే ఇంట్లో ఇది చిన్న లెక్క కాదు.

అంగన్‌వాడీకి వచ్చి పూటకి ఎంతోమంది పిల్లల్ని చూసుకుంటూ పోయే డాక్టర్ల బృందానికి కొత్తవాళ్ల ముందు సిగ్గుపడి మూగబోయిన పిల్లాడెవరో, అసలే మాటలు రాని పిల్లాడెవరో తెలియడం కష్టం. అంగన్‌వాడీ టీచరుకి తెలుస్తుంది. రోజూ చూస్తుంది కాబట్టి. సూర్యారావుపేట అమ్మాయి మావాడి అమ్మమ్మకి చాప మీద నేర్పింది ఆ టీచర్లకీ ఆయాలకీ నేర్పడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. థెరపిస్టు నెలకోసారి వాళ్ల సెక్టార్ మీటింగుకి వచ్చినా చాలు.

మావాడు ఇప్పుడు మూడు మాటలు కలుపుతున్నాడు. గేదెకి వేరే మాట వచ్చింది. మా అమ్మ ఆ ఘనత వసకొమ్ముదే అంటుంది, ఎప్పుడు రాసిందో నాకు చెప్పదు. మా తమ్ముడి దిగులు మాత్రం కొత్తది. ర పలకడం లేదు, రైలుని లైలు అంటున్నాడు, దానికీ థెరపీ పెట్టిద్దామా అని. ర ఆలస్యంగా వచ్చే ధ్వనుల్లో ఒకటి, మాటిమాటికీ దిద్దకుండా మీరు సరిగ్గా పలికి వినిపించండి చాలు, ఇంకా రాకపోతే ఐదేళ్లు నిండాక చూద్దాం అని ఆ అమ్మాయి చెప్పి పంపింది. అందాకా మంగళగిరి స్టేషన్‌లో ఆగేవన్నీ లైళ్లే.