నాడి లేని వ్యాధి: పేరు చెప్పని సంగతి

శాస్త్రంలో పేరు పెట్టడం చిన్న పని కాదు. చూపు మొదట ఎటు పోవలెనో పేరే నిర్ణయిస్తుంది. 'నాడి లేని వ్యాధి' అనే పేరును ఈ దృష్టితో పరిశీలించవలసి ఉన్నది.

మహాధమని గోడలు, దాని పెద్ద శాఖల గోడలు వాచి, మందమై, లోపలి దారి ఇరుకై పోయే ఈ వ్యాధి ఎక్కువగా యౌవనంలోని స్త్రీలకు వస్తుంది. జపాను నేత్రవైద్యుడు మికిటో తకయాసు 1908లో ప్రకటించిన నివేదికలో, ఒక యువతి కంటి లోపలి పొరపై రక్తనాళాలు దండవలె చుట్టుకొని ఉండడాన్ని వర్ణించాడు. ఇలాంటి రోగులకు మణికట్టు వద్ద నాడి అందదని మరి ఇద్దరు జపాను వైద్యులు గమనించారు. 1951లో షిమిజు, సానో ప్రకటించిన ఆంగ్ల వ్యాసంతో 'నాడి లేని వ్యాధి' అన్న పేరు ప్రచారం పొందినది. వేలితో తాకి తెలుసుకోదగిన లక్షణాన్ని ఎన్నుకోవడం ఈ పేరులోని గుణం.

లోపమూ అక్కడే ఉన్నది. నాడి అందని చేయి సాధారణంగా చచ్చుబడదు. పెద్ద కాలువ పూడినప్పుడు పిల్లకాలువల వెంట నీరు చేలకు చేరినట్లు, పక్కనున్న సన్నని ధమనుల గుండా రక్తం చేతికి వస్తుంది. ఈ దారులలో చాలా భాగం ముందునుంచి ఉన్నవే. పీడన భేదం వల్ల వాటిలో ప్రవాహం హెచ్చగా, ఆ ఒరపిడికి గోడలు పెరిగి నాళాలు వెడల్పవుతాయి. అడ్డంకి మెల్లగా ఏర్పడడం వల్లనే ఇందుకు వ్యవధి దొరుకుతుంది. రక్తం చేరుతుంది గాని, గుండె కొట్టే దెబ్బ ఈ సన్నని దారులలో అణగిపోయి మణికట్టు వద్ద వేలికి తెలియదు. నాడి వేరు, ప్రవాహం వేరు.

అట్లని పక్కదారులను మితిమీరి పొగడరాదు. పొయిసీల్ సూత్రం ప్రకారం, పొడవు, పీడనం మారకుండా నాళం వ్యాసార్ధం సగమైతే ప్రవాహం 16వ వంతుకు పడిపోతుంది. అందుచేత విశ్రాంతిలో చాలిన రక్తం పని చేసేటప్పుడు చాలక చేయి నొప్పి పెడుతుంది. ఒక్కొక్కప్పుడు మెదడుకు పోవలసిన రక్తమే మెడలోని ధమని గుండా వెనుకకు మళ్లి చేతికి దిగుతుంది. అప్పుడు తల తిరుగుతుంది. చేతికి కలిగిన మేలు మెదడుకు అప్పుగా మారినదన్నమాట.

అసలు నష్టం మరొకటి. జ్వరం, నీరసం, బరువు తగ్గడం వంటి తొలి లక్షణాలు కనబడేనాటికి నాడి చక్కగానే ఉండవచ్చు. వాపును అణచే మందులతో ధమనులను కాపాడుకోవలసిన కాలం అదే. పేరును నమ్మి నాడి పోయేదాకా వేచి ఉంటే ఆ కాలం జారిపోతుంది. నేడు వైద్యులు దీనిని ఎక్కువగా తకయాసు ధమనీశోథ అనడం సమంజసం. పాత పేరు రోగి చేతిని గుర్తుచేస్తుంది. కొత్త పేరు రోగమున్న చోటును చూపుతుంది.