రాగి నాణెముల పరీక్ష

దక్షిణ కోసలమని ప్రాచీనులు వ్యవహరించిన ఛత్తీస్‌గఢ్ సీమలో, మహానదీ తీరమునందలి బాలపూర్ గ్రామము చెంత, ఏనుగు బొమ్మయు బ్రాహ్మీ లిపిలో ఆపీలకుడను శాతవాహన రాజు పేరును గల రాగి నాణెమొకటి దొరికినది. లోచన్ ప్రసాద్ పాండేయ పండితుడు దానిని లోకమునకు తెలుపువరకు, ఆ రాజు పురాణ వంశావళులలో వినబడు నామమాత్రముగనే యుండెను. ఒక్క రాగి బిళ్ల ఒక రాజునకు చరిత్రలో స్థానము కల్పించినది. అందుచేతనే, దొంగ నాణెము చేయువాడు కొనినవాని సొమ్ముకంటె చరిత్రకే ఎక్కువ ద్రోహము చేయుచున్నాడని నా దృఢవిశ్వాసము.

1875లో వెలసిన మహంత్ ఘాసీదాస్ సంగ్రహాలయము గల రాయపూరులో సైతము, నేడు నాణెమును చేతబట్టి బేరమాడు భాగ్యము కొనువానికి కరవై, ఫోనులోని బొమ్మయే ఆధారమగుచున్నది. ఆ బొమ్మ కూడ కొంత సాక్ష్యము చెప్పకపోదు. రత్నపురమునేలిన కలచురులలో జాజల్లదేవ, పృథ్వీదేవుల రాగి నాణెములపై ఒకవైపు నాగరి లిపిలో రాజనామమును, మరియొకవైపు హనుమంతుని రూపమును కానవచ్చును. సుత్తి దెబ్బతో అచ్చువడిన అట్టి నాణెములలో ఏ రెండును సర్వసమానములు కావు. ఒకదాని అంచు చీలియుండును, మరియొకదానిపై ముద్ర పక్కకు జారి అక్షరము బిళ్ల వెలుపల పడియుండును. కావున విక్రేత చూపు రెండు నాణెములలో అదే చీలిక, అదే గీత, అదే వంకర అంచు కనబడినచో, వానిలో ఒకటియైనను నకలని నిస్సంశయముగ చెప్పవచ్చును.

1818 సంవత్సరమును, అణా విలువను చెక్కి, శ్రీరామ పట్టాభిషేకమును చూపు ఈస్టిండియా కంపెనీ నాణెములని వేలకువేలు అడుగుచున్నారే, వానిని పరీక్షింపనక్కరయే లేదు. కంపెనీ టంకశాలలలో అట్టి నాణెములు పుట్టియే యుండలేదు.

నిజముగ పుట్టినవానికి తూకమే మొదటి సాక్షి. 1835 నాటి చట్టము ననుసరించి పావు అణా 100 గ్రెయిన్లు, అనగా 6.48 గ్రాములు, అర్ధణా దానికి రెట్టింపు. 1906లో కంచు ప్రవేశించి పావు అణా 4.86 గ్రాములకు తగ్గినది. కావున 1912 నాటి పావు అణా రాగిదియై ఆరున్నర గ్రాములు తూగుచున్నదన్నచో, ఆ మాటయే దాని కపటమును బయటపెట్టును. అరిగిన నాణెము కొంత తేలికయగును గాని బరువెక్కదు. తూకము సరిపోయినను లోహము వేరు కావచ్చును గనుక, తక్కెడపై నీటి గిన్నెను పెట్టి, నాణెమును దారముతో అడుగు తాకకుండ నీట వ్రేలాడదీయవలెను. అప్పుడు తక్కెడ చూపు పెరుగుదలతో నాణెపు తూకమును భాగించినచో లోహసాంద్రత తెలియును. అరుగని పావు అణాకు ఆ పెరుగుదల 0.73 గ్రాముల చేరువలో నుండును. అదే తూకము గల తుత్తునాగపు నకలుకు 0.9 దాటును. ఇత్తడి మాత్రము రాగికి మిక్కిలి దగ్గర గనుక, అక్కడ ఈ పరీక్షను నమ్ముకొనరాదు.

అన్నింటికంటె మోసపుచ్చునది కిలుము. భూమిలో శతాబ్దములు పడియున్న రాగిపై మొదట ఎరుపు కలిసిన గోధుమ వన్నె పొరయు, దానిపై పచ్చని పొరయు పేరుకొని, లోహముతో ఏకమై, సూదిమొనకు సులభముగ లొంగకుండును. నవాసాగరము, ఉప్పు, పులుసు ద్రవ్యములతో కొద్ది దినములలో తెప్పించిన పచ్చదనము పొడిపొడిగ రాలును; దానిక్రింద ఆ ఎరుపు పొర యుండదు, క్రొత్త రాగియే మెరయును. భూతద్దములో అక్షరముల సందులను చూడుడు: పోతనాణెములో గాలి బుడగల గుంటలును, మొద్దుబారిన అంచులును, కొన్నిట మూస అతుకు ఆకురాయితో రాచిన జాడయు కానవచ్చును. నిజముగ చేతులు మారి అరిగినదానిలో ఎత్తైన భాగములు ముందరిగి, సందులు వాడిగనే యుండును. చింతపండుతో తోమి తళతళలాడించు అలవాటు మనవారిలో మిక్కుటము. దానివలన ఇంతటి సాక్ష్యము ఒక్క పూటలో నాశనమగుచున్నది. దయచేసి తోమకుడు.

పాత నాణెములకు లక్షలు ఇప్పింతుమనుచు, రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ముందుగ రుసుము అడుగువారిని గూర్చి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది. అట్టి వ్యవహారములతో దానికి సంబంధము లేదు. ఇక, పొలము దున్నుచుండగ కుండ నిండ దొరికినవని విక్రేత చెప్పు కథ యున్నదే, దానిని గూర్చి కొనువాడు స్థిమితముగ ఆలోచింపవలెను. 1878 నాటి నిధి చట్టము ననుసరించి పది రూపాయలకు మించిన నిధి దొరికినవాడు కలెక్టరుకు తెలియజేయవలెను. కథ నిజమై, తెలియజేయకయే అమ్ముచున్నవాడైనచో, అతడు చట్టమును మీరినవాడు. కథ కల్పితమైనచో, నాణెమును గూర్చి అతడు చెప్పు తక్కిన మాటలను నమ్ముటకు ఏ ఆధారమును మిగులదు.