ఎండుగుకు రాసిన ఉత్తరాలు

గోడ గడియారంలో అయిదు కావడానికి ఇంకా కొన్ని సెకన్లున్నాయి. బల్ల మీద ఏమీ లేదు, గోడవారగా అట్టపెట్టెలు. కుర్చీలో పెద్దాయన ముల్లునే చూస్తున్నాడు. ఉద్యోగంలో ఈ చివరిరోజు కాస్త ముందే లేచినా అడిగే నాథుడు లేడు. అయినా సరిగ్గా అయిదయ్యాకే లేచాడు. 'అబౌట్ ష్మిట్' (2002) మొదలయ్యేది ఇలా.

వారెన్ ష్మిట్‌ది అమెరికాలోని ఒమాహా. బీమా కంపెనీలో కూర్చుని, ఎవరెన్నాళ్లు బతుకుతారో లెక్కగట్టిన మనిషి. వయసు 66. దర్శకుడు అలెగ్జాండర్ పేన్‌దీ ఆ ఊరే. మూలమైన లూయిస్ బెగ్లీ నవలలో ష్మిట్ న్యూయార్క్ లాయరు. పేన్, సహరచయిత జిమ్ టేలర్ ఆయన్ని తమకు తెలిసిన వీధుల్లోకి తెచ్చుకున్నారు.

టీవీ ప్రకటన చూసి ష్మిట్, టాంజానియాలో ఎండుగు అనే ఆరేళ్ల అనాథకు నెలకు 22 డాలర్లు పంపడం మొదలుపెడతాడు. చెక్కుతోపాటు నాలుగు ముక్కలు రాయమంటారు. ఆ నాలుగు ముక్కలే ఈ సినిమాకు ప్రాణం. మర్యాదగా మొదలైన మొదటి ఉత్తరం రెండు నిమిషాల్లో తన కుర్చీలోకొచ్చిన కుర్రాడి మీదికీ, భార్య హెలెన్ మీదికీ మళ్లుతుంది. ఆరేళ్ల పిల్లాడితో చెప్పుకునే సంగతులా ఇవి! నవ్వొస్తుంది. కానీ ఈయన మాట వినడానికి ఇంకెవరున్నారు?

అసలు పనితనం ఆ తర్వాత. హెలెన్ హఠాత్తుగా పోతుంది. ష్మిట్ తన పాత లెక్కలు బయటికి తీస్తాడు: తనలాంటివాడు మళ్లీ పెళ్లాడకపోతే, తొమ్మిదేళ్లలోపు పోయే అవకాశం 73 శాతమట. పెద్ద బండి వేసుకుని డెన్వర్‌లో పెళ్లికి సిద్ధమవుతున్న కూతురి దగ్గరికి బయల్దేరతాడు. దారిలో ఫోన్ చేస్తే, పెళ్లికి ఒకటి రెండు రోజుల ముందు వస్తే చాలంటుంది. ఉత్తరంలో మాత్రం, రమ్మని కూతురు బతిమాలిందనీ, కొన్నాళ్లు ఒంటరిగా గడపాలని తానే ఆగాననీ రాస్తాడు. తెర మీద జరిగింది ఒకటి, గొంతు చెప్పేది ఇంకొకటి. దర్శకుడు ఈ అబద్ధాన్ని ఎక్కడా వేలెత్తి చూపడు. పట్టుకునే పని మనకే వదిలేస్తాడు.

కనుబొమలెగరేసి, పళ్లన్నీ కనిపించేలా నవ్వే జాక్ నికల్సన్‌ను ఇక్కడ వెతక్కండి. బట్టతల మీదికి దువ్విన నాలుగు వెంట్రుకలు, కాస్త ఆలస్యంగా కదిలే కళ్లు, అంతే. పెళ్లివిందులో మాట్లాడడానికి లేచినప్పుడు, తనకు నచ్చని ఈ అల్లుడు వద్దని అందరిముందూ అనేస్తాడేమోనని మన గుండె దడదడలాడుతుంది. ఆయన మాటలు వెతుక్కుంటూ, తడబడుతూ అందరినీ మెచ్చుకుని కూర్చుంటాడు. ఈ పాత్రకు నికల్సన్ గోల్డెన్ గ్లోబ్ అందుకున్నాడు.

లోపం లేకపోలేదు. వియ్యాలవారింటిని పేన్ కాస్త అతిగా వెక్కిరించాడు. అల్లుడి తల్లిగా కాతీ బేట్స్ లేకపోతే ఆ ఇల్లు కార్టూనైపోయేది.

పెళ్లి నుంచి ఇంటికి తిరిగొచ్చాక తన బతుకు ఎవరికీ అక్కరకు రాలేదన్న దిగులుతో ష్మిట్ టపా విప్పుతాడు. టాంజానియా నుంచి ఒక సన్యాసిని జాబు: ఎండుగుకు కంటి జబ్బు నయమైంది, మీ ఉత్తరాలన్నీ అందాయి, వాడికింకా చదవడం, రాయడం రాదు, బొమ్మ వేసి పంపుతున్నాడు. కాగితం మీద ఎండలో పుల్లల్లాంటి మనుషులిద్దరు, ఒకరు పెద్ద, ఒకరు చిన్న, చేతులు పట్టుకుని నిలబడి ఉన్నారు.